డెమో కారు

రోజుకి ఆరుసార్లు ఒకే దారి తిరుగుతాను.
సిరిపురం షోరూం, చినవాల్తేరు, బీచ్ రోడ్డు,
తెన్నేటి పార్కు మలుపు, హనుమంతవాక, వెనక్కి.
స్టీరింగు ముందు ప్రతిసారీ ఓ కొత్త మనిషి.
సీటు సర్దుకోకముందే అడుగుతాడు:
"మైలేజీ ఎంత?"

పదిహేడు పాయింట్ నాలుగు, అంటాను.
కాగితం మీది అంకె అది.
మద్దిలపాలెం సిగ్నల్లో, ఏసీ రెండులో పెట్టి,
ముందు ఆర్టీసీ బస్సు, వెనక ఆటో హారను,
అక్కడ పన్నెండో, పదకొండున్నరో.
ఆ మాట నా ఉద్యోగంలో లేదు.

గాజువాక కాంట్రాక్టరు
బానెట్ మీద తట్టి చూశాడు, పుచ్చకాయ బేరమాడినట్టు.
పెందుర్తి డాక్టరమ్మ రివర్సు గేరే నాలుగుసార్లు వేసి చూసింది,
"మా సందులోంచి బయటపడటమే నాకు ప్రయాణం" అంది.
స్టీలు ప్లాంటులో రిటైరైన ఒకాయన
టార్కు ఏ ఆర్పీఎం దగ్గర అందుకుంటుందో అడిగి,
నా జవాబు తప్పని తనే దిద్ది,
మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

మొన్న సోమవారం మధ్యాహ్నం ఎవరూ లేరు.
నేను మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని నాన్న వచ్చాడు.
గ్రీజు గోళ్లతో అద్దాల తలుపు ముట్టుకోలేక
ఫుట్‌పాత్ మీదే నిలబడ్డాడు.
ఫిషింగ్ హార్బర్లో ముప్ఫై ఏళ్లుగా బోటింజన్లు విప్పే మనిషి.
ఎక్కు నాన్నా, అన్నాను.
సీటు మీద తువ్వాలు పరిచి, దాని మీద కూర్చున్నాడు.

నూట పదమూడు గుర్రాల బలం, మొదలెట్టాను అలవాటుగా.
"గుర్రాలేటే గుంటా, నీళ్ల మీద గుర్రాలెక్కడివి?
వల నిండినప్పుడు లాగుతాదా నేదా, అది సెప్పు."

కైలాసగిరి ఎక్కించాను.
మెలిక దగ్గర గేరు తగ్గించి మళ్లీ తొక్కితే
బండి పక్కకి ఒరగలేదు, టైర్లు అరవలేదు,
నాన్న పైనున్న పిడి పట్టుకోలేదు.
పాటలాపమన్నాడు. ఏసీ ఆపమన్నాడు. కళ్లు మూసుకున్నాడు.
రెండు మలుపుల తర్వాత
"మూడే కదా సిలిండర్లు?" అన్నాడు.
బ్రోషరు చివరి పేజీలో, అడుగున,
చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే సంగతి అది.
"ఒకదాని గొంతు బొంగురు. కొత్తది కదా, సర్దుకుంటాది."

పైన ఆపాను.
డాల్ఫిన్ నోస్ కివతల, లోపలికి పిలుపు రాక
నాలుగు ఓడలు ఎండలో నిలబడి ఉన్నాయి.
"ఎంత తాగుతాది?"
లీటరుకి పన్నెండు, అన్నాను.
ఆరు నెలల్లో మొదటిసారి.

"మాకు కిలోమీటర్లు నేవు, గంటల లెక్క.
ఎదురుగాలి కొడితే ఆ లెక్కా నేదు.
ఓపాలి భీమిలికి పైన డీజిలైపోయి
రెండు రాత్రులు తేలినాం.
ఒడ్డు మీద దీపాలు కనపడతానే ఉన్నాయి.
మీయమ్మకి సేపలు దొరికి ఆగిపోనామని సెప్పినాను.
నువ్వూ సెప్పకు."

దిగేటప్పుడు స్టీరింగు ఇస్తానన్నాను.
లైసెన్సు లేదని నవ్వాడు.
కింద వరకూ డాష్‌బోర్డు మీద అరచెయ్యి తియ్యలేదు,
జ్వరం చూస్తున్నట్టు.

ప్రతి డ్రైవూ రిజిస్టర్లో రాయాలి.
కస్టమరు పేరు: సూరాడ ఎల్లాజీ.
దూరం: ఇరవై రెండు.
ప్రస్తుత వాహనం: అందరివీ.
కొనే ఆసక్తికి మూడు గళ్లు. హాట్, వార్మ్, కోల్డ్.
మేనేజరు అటు చూస్తుండగా
పేజీ తిప్పేశాను.

నాలుగింటికి మర్రిపాలెం దంపతులు వచ్చారు.
తువ్వాలు సీటు మీదే ఉంది, డీజిలు వాసనతో.
మడిచి డిక్కీలో పెట్టాను.
ఆయన బెల్టు పెట్టుకుంటూ అడిగాడు, మైలేజీ ఎంతండీ?
పదిహేడు అని నోటిదాకా వచ్చింది.
రోజూ ఏ దారిన వెళ్తారండీ మీరు, అన్నాను.